పెద్దమామా మైల

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన ఎండాకాలంలోనే మా తమ్ముడు ఊరికి తిరిగిపోవడానికి పెట్టె సర్దుకుని ఉన్నాడు. షువైఖ్‌లో ఒక గోదాములో మూటలు ఎత్తే పని వాడిది. నేను ఫర్వానియాకు కాస్త ఎడంగా, ఒక కువైటీల ఇంట్లో పనికి ఉండేదాన్ని. శుక్రవారం పూట వాడు నన్ను చూడటానికి వచ్చి, వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని, ఊళ్ళో తోట గురించే మాట్లాడేవాడు. చేతుల నిండా మూటల తాళ్ళ గీతలు, నోటి నిండా తీగలూ పాదులూ నీళ్ళ కాలువలూ.

మాది తమలపాకు తోట. కడప జిల్లాలో, ఏటి ఒడ్డున. మా తాత వేసింది, మా నాయన పెంచింది. నాయన పోయాక చిన్నాయన చేతికి వచ్చింది. పెద్ద తోటేమీ కాదు, ఒక చివర నిలబడి పిలిస్తే ఇంకో చివర వినబడుతుంది. అవిసె చెట్లు వరసగా పెంచి, వాటి మీదికి తీగ పాకించి, పైకి పోయేకొద్దీ అరటి నారతో కట్టుకుంటూ పోతాం. ఆకు కోసేవాళ్ళు బొటనవేలి గోటితో గిల్లుతారు. లోపల ఎండాకాలంలో కూడా చల్లగా, కొంచెం చీకటిగా ఉంటుంది. మేము దాన్ని గుడిలాగే చూసేవాళ్ళం. చెప్పులు గట్టు మీద విడిచి, కాలువలో కాళ్ళు కడుక్కుని లోపలికి పోవాలి. లోపల గట్టిగా అరవకూడదు. ఒకరినొకరు తిట్టుకోకూడదు. చావు మైల పట్టినవాళ్ళు, అది తీరేదాకా గట్టు దాటి లోపలికి రాకూడదు. మైలతో తాకితే తీగ మాడిపోతుందని పెద్దల మాట. అది నిజమా కాదా అని మేమెప్పుడూ అడగలేదు. పొయ్యి కాలుతుందా అని ఎవరైనా అడుగుతారా?

నేను బడికి పోలేదు. సాయంత్రాలు నాయనే ఆ గట్టు మీద కూర్చోబెట్టి, తడి మట్టిలో పుల్లతో అక్షరాలు దిద్దించాడు. ఈరోజు ఇది రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే.

తమ్ముడు కువైట్‌కు రావడానికి కారణం కూడా ఆ తోటే. నాయన రోజుల్లో తోటకు పశువుల ఎరువు, చెరువు మట్టి, గానుగాడాక మిగిలే ఆముదం చెక్క, వేప చెక్క తప్ప ఇంకొకటి తెలియదు. ఇప్పుడు దానికి సేంద్రియ సాగని పేరు పెట్టి బోర్డులు కడుతున్నారు. అప్పుడు దానికి పేరేమీ లేదు. చిన్నాయన చేతికి వచ్చాక సంచుల ఎరువు వచ్చింది, మందు కొట్టే డబ్బా వచ్చింది. ఆకు మొదట్లో అరచేయంత పెద్దదిగా, నూనె పూసినట్టు మెరుస్తూ వచ్చింది. తర్వాత మొదళ్ళు కుళ్ళడం మొదలైంది. తమ్ముడు వద్దన్నాడు, చిన్నాయన వినలేదు. తోటలో అరవకూడదు గనక ఇద్దరూ గట్టు మీదికి వచ్చి అరుచుకున్నారు. ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటలు లేవు. అప్పటికే నేను కువైట్‌లో ఉన్నాను. వాడూ వచ్చేశాడు.

ఆ ఎండాకాలం మొదట్లో, మా పక్క పల్లె మనిషి ఒకాయన సెలవు మీద ఊరికి పోయి వచ్చి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో తమ్ముడికి కనబడి చిన్నాయన మాట చెప్పాడు. మందులు కొట్టిన తోటంతా పోయింది. మిగిలింది ఏటి పక్క పాత మడి ఒక్కటే. అది నాయన నాటి తీగ. తమ్ముడు గొడవపడి మందు పడనీయకుండా కాపాడింది. వాడు వస్తే తోట వాడికే విడిచేస్తానని, వాడి ఇష్టమొచ్చినట్టు చేసుకోవచ్చని చిన్నాయన అన్నాడట. అయితే చలి తిరగకముందే తీగ దించాలి. అప్పటికి వాడు రాకుంటే పాత మడి కూడా పెరికేసి అరటి వేస్తాడు. నడుములు పోయాయి, ఇక తన వల్ల కాదన్నాడట.

తీగ దించడమంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. ఏడాది తిరిగేసరికి తీగ చెట్టు కొనదాకా పోతుంది. అప్పుడు కట్లు విప్పి, కిందికి దించి, ముదిరిన కాండాన్ని మొదట్లోనే చుట్ట చుట్టి, దాని మీద మట్టీ ఎరువూ కప్పాలి. లేత కొనను మాత్రం మళ్ళీ చెట్టుకు కట్టాలి. మట్టిలో పడిన కణుపులు కొత్త వేర్లు వేస్తాయి, తోట మళ్ళీ పుడుతుంది. అదను తప్పితే తీగ ముదిరి చచ్చిపోతుంది. బిరుసుగా వంచితే విరిగిపోతుంది. చేతికి అలవాటు ఉన్నవాళ్ళే చేయాలి.

ఆ కబురు విని తమ్ముడు తనను పనికి తెప్పించుకున్న కఫీల్ దగ్గరికి పోయి పాస్‌పోర్టు అడిగాడు. ఇస్తానన్నాడు. ఆ వారంలోనే సైన్యం వచ్చింది.

ఆ ఉదయం గురించి అక్కడ ఉన్నవాళ్ళు ఏవేవో చెబుతారు. నాకు గుర్తున్నది ఇంతే. రొట్టెల పిండి కలుపుతున్నాను. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఇంటి ముసలామె పెద్దమామా తన గదిలోంచి చాయ్ అడిగింది. చాయ్ పెట్టి ఇచ్చాను. ఆమె తాగి, అల్‌హమ్దులిల్లా అనుకుంది. నేను తిరిగి వచ్చి పిండి కలిపాను.

ఇంటి యజమానురాలిని మేమంతా మామా అంటాం, యజమానిని బాబా అంటాం. ఈమె ఆ మామాకు అత్తగారు గనక నాకు పెద్దమామా. మామా, బాబా, పిల్లలు ఎప్పటిలాగే ఎండలకు దేశం దాటి పోయారు. పెద్దమామా రానంది. మోకాళ్ళు లేవవు, చక్కెర జబ్బు, పైగా విమానమంటే భయం. ఆమెను చూసుకోమని నాకు చెప్పి పోయారు. ఇక రాలేకపోయారు. ఫోను మూగబోయింది. అంత పెద్ద ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

షువైఖ్ రేవు ఆగిపోవడంతో తమ్ముడు నడుచుకుంటూ వచ్చేశాడు. కఫీల్ సరిహద్దు దాటిపోయాడు. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాడో తెలియదు. డ్రైవరు తనవాళ్ళ దగ్గరికి పోయి గది ఖాళీగా ఉంటే, తమ్ముణ్ణి అందులో ఉండమన్నాను.

భయపడ్డావా అని ఇప్పుడు పిల్లలు అడుగుతారు. భయం అనేది లోపల కదిలే వస్తువు. నాలో ఏదీ కదల్లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంపను తాకితే చేతికి తెలుస్తుంది, చెంపకు తెలియదు. ఆ నెలలన్నీ నాకు అట్లా గడిచాయి. ఇల్లు ఊడ్చేదాన్ని. ఎవరూ కూర్చోని దివానుల మీద దుమ్ము దులిపేదాన్ని. రాని పిల్లల పక్కలు సర్దేదాన్ని. సైనికులు మొదటిసారి వచ్చినప్పుడు టీవీ, తివాచీలు తీసుకుపోయారు. రెండోసారి బియ్యం, పిండి. పెద్దమామా మంచం మీద నుంచే వాళ్ళను ఎవరి కొడుకులని అడిగింది.  అందులో ఒకడు తల వంచుకుని బయటికి పోయి నిలబడ్డాడు. చాయ్ డబ్బా మాత్రం వదిలిపెట్టి పోయారు. దానికి నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మనసు కదలకపోయినా దణ్ణం పెట్టే చేతులు పనిచేసేవి. ఈరోజు నీళ్ళు వచ్చాయి, దయ. ఈరోజు రొట్టె దొరికింది, దయ. తమ్ముడు వీధిలోకి పోయి తిరిగి వచ్చాడు, దయ.

నా రాముడి పటం వంటింటి అలమరలో, పప్పు డబ్బాల వెనక ఉండేది. పెద్దమామాకు ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆమెను నమాజుకు కూర్చోబెట్టి వచ్చి, నేను అలమర తలుపు తెరిచేదాన్ని. ఇద్దరి పనీ ఒకేసారి అయ్యేది. ఆమె ప్రతిదానికీ అల్‌హమ్దులిల్లా అనేది. కాళ్ళు ఒత్తినా, చాయ్‌లో చక్కెర లేకపోయినా, రాత్రి నిద్ర పట్టకపోయినా అదే మాట. మా నాయనమ్మ అంతా నీ దయ సామీ అన్నట్టే ఉండేది నాకు.

తోట గురించి ఆమెకు నేనే చెప్పాను. తమ్ముడు ఎందుకు అస్తమానం దిగులుగా ఉంటాడని అడిగితే చెప్పాల్సి వచ్చింది. ఆకు కోసం తోట వేస్తామంటే ఆమె నమ్మలేదు. పండు లేదా అని అడిగింది. లేదన్నాను. పువ్వు? లేదన్నాను. ఆకు తినేది మేకలు కదా అంది. అది విని తమ్ముడు నవ్వాడు. సైన్యం వచ్చాక వాడు నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. వాడు ఆమె మంచం పక్కన కింద కూర్చుని, వచ్చీ రాని అరబ్బీలో, చేతులతో చూపిస్తూ తీగ ఎట్లా పాకుతుందో, ఎట్లా దించుతామో చెప్పాడు. తీగను పాతిపెట్టి బతికించడమా అని ఆమె చాలాసేపు ఆలోచించింది.

ఇంతలో అబ్బాసియాలో మనవాళ్ళు పేర్లు రాసుకుని బస్సులు పంపిస్తున్నారని తెలిసింది. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్, అక్కడ విమానం. పాస్‌పోర్టు లేనివాళ్ళకు కాగితం రాసి ఇస్తున్నారు. తమ్ముడు కాగితం తెచ్చుకున్నాడు. నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంటే, పెద్దమామా తన మెడలోని తాళంచెవి తీసి ఇచ్చి నన్నే తీసుకోమంది. వెళ్ళడానికి నాకు కూడా ఏ అడ్డూ లేదు. మంచం మీద ఆమె ఒక్కతే.

తమ్ముడు వంటింటి గడపలో నిలబడి అడిగాడు. "అక్కా, ఈ వారం బస్సులో ఇద్దరికీ చోటుందంట."

"పెద్దమామాను యాడ పెట్టేది?"

వాడు ఆమె గది వైపు చూశాడు.

"నువ్వు పోరా. అదను తప్పిపోతాది."

"నిన్ను ఈడ ఇడ్సిపెట్టి పోయి, ఆ తోటలో కాలు పెట్టాల్నా? అక్క యాడరా అని అడగరా?"

"చిన్నాయనకు నేను చెప్పినానని చెప్పు."

"చిన్నాయన సంగతి కాదు. తీగ అడగదా?"

"తీగలు యాడన్నా అడుగుతాయంట్రా, పిచ్చోడా."

"నీకు తెల్దులే," అని వాడు పెరట్లోకి పోయాడు.

ఆ బస్సు పోయింది. తర్వాతి వారం బస్సు కూడా పోయింది. మా పక్క పల్లె మనిషి అందులో పోతూ, చిన్నాయనకు ఏం చెప్పమంటావని తమ్ముణ్ణి అడిగాడట. వస్తున్నానని చెప్పు అన్నాడట వీడు. ఎప్పుడని అడిగితే ఆయన సంచి ఎత్తి బస్సులో పెట్టాడట. పెరట్లో గోడ మీద మల్లె తీగ ఒకటి నీళ్ళు లేక ఎండుతుంటే, వాడు దాన్ని విప్పి, చుట్ట చుట్టి, మట్టి కప్పి, కొన పైకి కట్టాడు. పోయేవాడికి ఇదెందుకురా అంటే, చెయ్యి మరిచిపోతాదని అన్నాడు.

పెద్దమామా చక్కెర మందు అయిపోవచ్చింది. తమ్ముడు ఫర్వానియా ఆసుపత్రికి నడిచి పోయాడు. దారిలో సైనికులు ఆపిన చోటల్లా చేతులెత్తి నిలబడి, జేబులు తిప్పి చూపించి, మందు తెచ్చాడు. అది అయిపోయాక మళ్ళీ పోయాడు. ఆ సారి లేదన్నారు. ఆ తర్వాత కూడా లేదన్నారు. ఆమె పగటిపూట కూడా మగతగా ఉండటం మొదలైంది. పాదం మీద పుండు లేచింది. నేను ఉప్పు నీళ్ళతో కడిగేదాన్ని. నొప్పిగా ఉందా అంటే లేదనేది. నాకూ ఆ పుండును చూస్తే ఏమీ అనిపించేది కాదు. గిన్నె కడిగినట్టు కడిగేదాన్ని.

మెలకువగా ఉన్న ఒక పొద్దున ఆమె నా మణికట్టు పట్టుకుంది. "రూహీ, యా బింతి," అంది. వెళ్ళిపో బిడ్డా అని. వీధి వైపు చూపించింది, తర్వాత తమ్ముడి గది వైపు చూపించింది. నేను ఆమె దిండు సర్ది, సరే పెద్దమామా, రేపు పోతానని చెప్పాను. అట్లా చాలా రోజులు, రేపు అని చెప్పాను.

ఒక తెల్లవారి ఆమె చాయ్ అడగలేదు. అంతే. నేను పొయ్యి మీది నీళ్ళు దించి, గదిలోకి పోయి, కళ్ళు మూశాను. నా చేతికి ఆమె చెంప చల్లగా తగిలింది. తర్వాత ఎదురింటికి పోయి చెప్పాను.

ఎదురింట్లో ముసలి భార్యాభర్తలు మాత్రమే మిగిలి ఉన్నారు. ఆ ముసలామె వచ్చి, వాళ్ళ పద్ధతిలో స్నానం చేయించింది. నీళ్ళు నేను పోశాను. పెద్దమామా జుట్టు విప్పి మూడు పాయలుగా అల్లారు. వీధిలో మగవాళ్ళు ఎంతమంది ఉన్నారని వెతికితే, ఎదురింటి పెద్దాయన, ఇంకా ఇద్దరు దొరికారు. మోయడానికి ఇంకొక భుజం కావాలి. పెద్దాయన తమ్ముడి వైపు చూసి, ఈ ఇంటి మగవాళ్ళు ఎవరూ లేరు, నువ్వు ఈ ఇంటి ఉప్పు తిన్నావు, పట్టుకుంటావా అని అడిగాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. వాడు ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. పీనుగును మోసినవాడికి మైల. మైల పట్టినవాడికి తోట లేదు. దేశం కాని దేశంలో, మతం కాని మనిషికి ఈ లెక్కలేమిటని ఇంకెవరైనా అనుకోవచ్చు. మేము అనుకోలేకపోయాం.  వాడు చెప్పులు విడిచి, వంగి, భుజం పట్టాడు.

శ్మశానంలో అందరిలాగే వాడు కూడా పిడికిలితో మట్టి వేశాడట. తిరిగి వచ్చి, ఇంట్లోకి రాకుండా పెరట్లో కుళాయి కింద బట్టలతోనే కూర్చున్నాడు. నేను పొడి తువ్వాలు గోడ మీద వేసి వచ్చాను. ఆ రోజు నుంచి వాడు గడ్డం గీసుకోలేదు. నన్ను కూడా దగ్గరికి పిలవలేదు. నాకు చెప్పకుండానే మైల పట్టాడు. నేనూ అలమర తలుపు తెరవడం మానేశాను.

ఒకటి రాయాలి. ఆమె పోవడం వల్లే మాకు దారి దొరికింది. ఆ మాట అప్పుడు మేమిద్దరం అనుకోలేదు, కానీ ఇద్దరికీ తెలుసు. ఆమె ఇంకొంత కాలం బతికి ఉంటే తోట ఉండేది కాదు. ఆమె బతకాలని నేను రోజూ మొక్కుకున్నాను. అది కూడా నిజమే.

ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎదురింటి పెద్దాయనకు ఇచ్చాము. ఇంటివాళ్ళు తిరిగివస్తే సమాధి చూపిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఆ వారం బస్సులో ఎక్కాము.

ప్రయాణం గురించి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. బస్సు, ఇసుక, ఇంకో బస్సు. సరిహద్దు దాటాక ఎడారిలో గుడారాలు. అక్కడ చాలా రోజులు ఉన్నాం. నీళ్ళ ట్యాంకరు వస్తే గిన్నె పట్టుకుని నిలబడటం, రొట్టె లారీ వస్తే చేయి చాచడం. మా గుడారంలో కరీంనగర్ పక్క నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఉండేది. నవ్వించకుండా ఉండలేని మనిషి. తమ్ముడి గడ్డం చూసి నన్ను అడిగింది. "గీ పిలగాడు గడ్డం గీకడా ఏంది? ఊళ్ళె బాబా అయి కూసుంటడా?"

మైలలో ఉన్నాడని చెప్పాను.

"ఎవలు సచ్చిండ్రు?"

మా పెద్దమామా అని చెప్పాను. ఆమె ఇంకేమీ అడగకుండా తన ఉల్లిగడ్డలో సగం కోసి నాకు ఇచ్చింది. ఆ ఉల్లిగడ్డ రుచి ఇప్పటికీ చెప్పగలను. ఆ తల్లి చల్లగా ఉండాలి. విమానం ఎక్కడం, బొంబాయిలో దిగడం, రైలు, ఇవన్నీ ఎవరో చెబితే విన్నట్టే ఉన్నాయి.

ఊరికి చేరేసరికి చలి ఇంకా తిరగలేదు గానీ పొద్దున పూట గాలి మారింది. మేము ఇంటికి కూడా పోకుండా నేరుగా తోట దగ్గరికి పోయాం. పాత మడి ఉంది. దాని ఆవల తోట ఉండే చోట అరటి పిలకల కోసం తవ్విన గుంటలు ఉన్నాయి. చిన్నాయన పాత మడి మొదట్లో పలుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి పలుగు కింద పెట్టాడు. 

"రేపు పెరకల్ల అనుకుంటి," అన్నాడు చిన్నాయన. "రా, లోపలికి రా. కొన చూసినావా, ఎంత ముదిరిందో."

తమ్ముడు గట్టు దిగలేదు. "నేను రాకూడదు చిన్నాయనా. మైలలో ఉండా."

చిన్నాయన ముఖం పాలిపోయింది. తనకు తెలియకుండా ఇంటి మనుషులు ఎవరు పోయారని నా వైపు చూశాడు. నేను జరిగింది చెప్పాను. అంతా విని ఆయన నవ్వాడు.

"అరబ్బు ముసలామెకు నీకూ మైలేందిరా? కులమా, గోత్రమా?"

"మోసినా."

"మోస్తే మునిగితే పోతాది. నీ పక్కనే ఏరుండాది, పోయి మునుగు పో."

"ఒక్క మునకతో పోయేది కాదు చిన్నాయనా. ఆమె పోయింది గాబట్టే నేను ఈడికి వచ్చినా. లేకుంటే వస్తాన్నా? ఆ మైల నాది కాకుంటే ఇంకెవురిది?"

చిన్నాయన నవ్వు ఆపేశాడు. గట్టు ఎక్కి వచ్చి, వాడికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. బీడీ తీసి వెలిగించకుండా పట్టుకున్నాడు. ఇంటి మనిషికి పట్టినట్టే పట్టు, మన ఏట్లో మునిగిన దినం నుంచి లెక్క పెట్టుకో, పదో దినం తల గొరిగించుకుని రా అన్నాడు. కానీ తీగ పది దినాలు ఆగదు. అది కూడా ఆయనే అన్నాడు. కూలోళ్ళు అరటి గుంటలకు పోతున్నారు, తీగ దించడం తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంక ఎవరున్నారు?

"నువ్వుండావు గదా," అన్నాడు తమ్ముడు. "నువ్వు దించు. నేను ఈడ నిలబడి చెప్తా."

"నాకు చెప్తావా, తీగ దించేది? మీ నాయనకు నేర్పింది నేను."

"నాయన నీకంటే పెద్దోడు గదా చిన్నాయనా."

"అయితే ఏమి? నేర్చుకునేటోడు చిన్నోడే," అని చిన్నాయన లేచి, నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని, కాలువలో కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం తమ్ముడూ నేనూ ఏట్లో మునిగాము. నీళ్ళు పోసిన చేతులు నావి కూడా గనక నాకూ మైలే. ఇద్దరికీ గట్టు మీదనే తడికెల నీడ వేసి ఇచ్చారు. పిన్నమ్మ ఇంటి నుంచి అన్నం తెచ్చి, కొంచెం దూరంగా పెట్టి పోయేది. మరుసటి రోజు నుంచి చిన్నాయన పొద్దున్నే వచ్చి, ఒక్కో చెట్టు దగ్గరా కట్లు విప్పి, తీగను బిడ్డను దించినట్టు రెండు చేతులతో దించేవాడు. నడుము పట్టుకుంటే మోకాళ్ళ మీద కూర్చుని చేసేవాడు. తమ్ముడు గట్టు వెంబడి ఆయనతో పాటే నడుస్తూ చెప్పేవాడు. ఆ కణుపు పైకుండాది, ఇంకొంచెం మట్టి. అది పాత కాండం, అక్కడ వంచొద్దు. చిన్నాయనకు కోపం వచ్చేది. కానీ లోపల అరవకూడదు. అరవాలంటే గట్టు ఎక్కి రావాలి. నడుము నొప్పితో గట్టు ఎక్కడం కష్టం గనక కోపాన్ని మింగి తల ఊపేవాడు. అట్లా వాళ్ళిద్దరూ గొడవ లేకుండా మొదటి వరస ముగించారు.

ఎరువు వేసే రోజు చిన్నాయన పాకలోంచి సంచి ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు. తమ్ముడు సంచి వైపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నాయన కూడా కాసేపు నిలబడి, దాన్ని తిరిగి పాకలో పెట్టి, వేప చెక్క దంచమని పిన్నమ్మకు కేక వేశాడు. ఆ కేక మాత్రం గట్టు మీద నుంచే వేశాడు.

నేను ఆ రోజుల్లో తడికె కింద కూర్చుని వాళ్ళను చూసేదాన్ని. జరిగేది మంచిదని తెలుస్తోంది. మంచిదని తెలియడం వేరు, అది నా లోపలికి రావడం వేరు. పొద్దున లేచి సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, ఈ రోజు ఇన్ని చెట్లు దించారు, దయ అనుకునేదాన్ని. చెంప ఇంకా నా చెంప కాలేదు. రాత్రి అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు.

పదో దినం తమ్ముడు తల గొరిగించుకుని, ఏట్లో మునిగి, తడి బట్టలతో వచ్చాడు. ఏటి ఒడ్డునే పెద్దమామా పేరు చెప్పి, దోసిట్లో నీళ్ళు వదిలాడు. ఆమె పేరు మాకు తెలియదు. పెద్దమామా అనే చెప్పాడు. చిన్నాయన తోట మొదట్లో నిలబడి, వాణ్ణి రమ్మని చేయి చాపాడు. వాడు కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. మొదటి వరసలో, మొదట దించిన తీగ దగ్గర కూర్చుని, ఒక్క వేలితో మట్టిని కదిపాడు. చిన్నాయన వంగలేక వాడి భుజం పట్టుకుని పైనుంచి చూస్తున్నాడు. ఇద్దరూ ఏమి చూస్తున్నారో నాకు కనబడలేదు. చాలాసేపు అట్లాగే ఉన్నారు. మాడిపోయిందేమో అనుకున్నాను. మాడిపోయినా ఏమీ అనిపించదనుకున్నాను.

తర్వాత వాడు మట్టిని మళ్ళీ కప్పి, లేచి, గట్టు దగ్గరికి వచ్చాడు. గుండు మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు.

"పట్టుకున్యాయిక్కా," అన్నాడు. "తెల్ల ఏర్లు, దారం మాదిరి."

అప్పుడు నాకు ఏడుపు వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. నాకు ఆకలైంది. కడుపులో ఎవరో పిడికిలి బిగించినంత ఆకలి. కువైట్‌లో కిటికీలు వణికిన ఆ పొద్దున నుంచి ఆకలి అనే మాటే నాకు గుర్తు లేదు. పిన్నమ్మ పెట్టి పోయిన సంగటి ముద్ద, వంకాయ పులుసు అక్కడే ఉన్నాయి. నేను తింటుంటే వాళ్ళిద్దరూ వచ్చి నిలబడ్డారు. నాకూ కొంచెం పెట్టమ్మా అని చిన్నాయన అడిగాడు. లేదు చిన్నాయనా, నాకే చాలదు, ఇంటికి పోయి తిను అని చెప్పి, ముద్దంతా నేనే తిన్నాను.